వెనకడుగు నేర్చిన బూట్లు

రత్నం గంజిలో ఉప్పు కలుపుతోంది. చంటిబిడ్డకి పోసే నీళ్లు చూసుకున్నట్టు మోచేతి మీద ఒక చుక్క వేసుకుని చూసింది. ఇంకా కాలుతోంది. గిన్నెని కాసేపు మంచు గడ్డకట్టిన అరుగు మీద పెట్టింది. తర్వాత గుడ్డ ముంచి పిండి, ఎడమ బూటులోకి చెయ్యి దూర్చి లోపలి పొరని తుడవడం మొదలుపెట్టింది.

పొర వణికింది. మేకపిల్ల నాలికలాగ గుడ్డని అంటుకుని, తడి పీల్చుకుని వదిలింది.

"ఓలమ్మో! నా కొడుక్కి పెట్టకముందే బూట్లకి పెడతన్నావేటే?" అంది అత్త చిలకమ్మ, కుంపటి దగ్గర కూర్చునే.

"వీటికీ ఆకలేస్తాది కదత్తా. లేకపోతే లోపల కండ ఎండిపోతాదని ఝాన్సీ చెప్పింది."

"దానికేం, చెప్తాది. చదువుకున్నది. దానికి ముద్దలు కలిపి పెట్టినదాన్ని నేను."

రత్నం నవ్వి కుడి బూటు అందుకుంది.

ఎక్కడో సముద్రాల అవతల కొండ పేలి, ఆ బూడిద ఆకాశమంతా కమ్మేసిన దగ్గర్నుంచి ఈ మన్యం కొండల మీద చలికాలం వెళ్లడం మానేసింది. ఒకప్పుడు పొద్దున్న పూట గడ్డి మీద తెల్లగా పేరుకుని ఎండెక్కగానే కరిగిపోయే మంచు, ఇప్పుడు మోకాలి లోతున పడి కదలకుండా కూర్చుంది. కాఫీ తోటలు మాడిపోయాయి. వరి మాట మరిచిపోయారు. అడవి పందులు మాత్రం ఒళ్లంతా దట్టంగా బొచ్చు పెంచుకుని మందలు మందలుగా పెరిగాయి. పాతరలో దాచుకున్న దుంపల్ని అవి తింటాయి, వాటిని ఊరు తింటుంది. అందుకని జట్లు కట్టి ఎద్దుమూపు కొండ ఎక్కుతారు.

రత్నం మొగుడు దేముళ్లు ఆ జట్టులో అడ్డుకట్ట మనిషి. పంది ఎదురుగా వస్తే బల్లెం పట్టుకుని దారిలో నిలబడి దాన్ని ఆపాలి. పోయిన ఏడాది రబ్బరు బూట్లతో కొండెక్కి, ఎడమ కాలి వేళ్లు రెండు నల్లబడి రాలిపోయాక తిరిగొచ్చాడు. అప్పట్నుంచి చెల్లెలు ఝాన్సీ అన్న కాళ్ల గురించే ఆలోచించింది. ఆమె పనిచేసేది లోయలోని ప్రయోగశాలలో. బూట్లు తయారుచేసేదీ అక్కడే.

కిందటి నెల ఆమె మూడు జతలు గోనెలో వేసుకుని పైకొచ్చింది. పొద్దున్న వేసుకు చూడనివ్వలేదు.

"సాయంత్రం దాకా తిరిగి రా అన్నియ్యా. పాదం ఉబ్బుతాది. ఉబ్బిన పాదానికి సరిపోయిందే కొండమీద సరిపోతాది."

సాయంత్రం రెండు జతల మేజోళ్లు తొడిగించింది. పెరట్లో ఏటవాలుగా ఉన్న బండ మీంచి కిందికి నడవమంది.

"వేళ్లు ముందుకి తగుల్తన్నాయా?"

"లేదు."

"ఎక్కేటప్పుడు మడమ లేస్తందా?"

"లెగటం లేదే. ఇదిగో, ఈ జత సూడు, ఎలా బిగిసిందో! పోలీసోడి బూటులాగుంది."

"అది వొద్దు. బిగిస్తే నెత్తురు ఆడదు. నెత్తురాడకపోతే మళ్లీ వేళ్లు పోతాయి. ఉన్న ఎనిమిదీ ఉంచుకో."

అందరూ నవ్వారు, దేముళ్లు కూడా. పెద్ద జతే తీసుకున్నాడు. అప్పుడు ఝాన్సీ బూటు నోరు వెడల్పు చేసి లోపలున్న ఎర్రటి పోగులు చూపించింది. ప్రయోగశాలలో పెంచిన కండ అది. కాలి వేడితోనూ చెమటతోనూ బతుకుతుంది. పాదం ఎటు జారబోతుందో తెలుసుకుని, మనిషికంటే ముందే చీలమండని పట్టుకుని నిలబెడుతుంది. మంచు మీద మనిషిని పడనివ్వదు.

"కానీ వేసుకునేవాడే నడిచి దీన్ని లొంగదీసుకోవాలి," అంది. "మొదట్లో పాదం పొక్కుతాది, నొప్పెడతాది. ఓర్చుకోవాలి. ఇది నీ నడక నేర్చుకుంటాది. నెల తిరిగేసరికి కండ ముదిరిపోతాది. తర్వాత కొత్తది నేర్వదు, నేర్చింది మరవదు. ఇంకొకరికి ఇవ్వకు."

ఆమె కొండ దిగి వెళ్లిన మర్నాడే దేముళ్లు మడమ మీద రూపాయంత పొక్కు లేచింది. బూట్లు విసిరికొట్టాడు. "వేటగాడు కుంటుకుంటా ఊళ్లో తిరుగుతాడేటి? నవ్వుతారు."

"మరి మీ అయ్య కిర్రు చెప్పులు ఎవరు మెత్తబరిచేవోరనుకున్నావు?" అంది చిలకమ్మ. "ఆముదం రాసి నేనే తొడుక్కుని పొలానికెళ్లేదాన్ని. నా కాలు కరిచి కరిచి వాటి పళ్లు అరిగిపోయేవి. తర్వాత ఆయన తొడుక్కునేవోడు. మన యింట్లో కొత్త తోలు ఆడోళ్లే తొడుగుతారు. ఒలే రత్నం, నీ పాదం ఆడి పాదం ఒకటే కదా!"

అది నిజమే. పెళ్లిలో మెట్టెలు పట్టక కంసాలి మళ్లీ కూర్చుని సాగదీశాడు. ఏనుగు పాదాల కోడలని ఊరంతా నవ్వారు. ఆ ఇంట్లో మొదటిసారి ఆ పాదాలు పనికొచ్చాయి.

* * *

ప్రయోగశాలలో ఒక వంపు బల్ల ఉంది. దాని మీద ఒకనాడు ఝాన్సీ ఒక పాత జత బిగించింది. మంచు పెళ్ల విరిగిపడి చనిపోయిన వేటగాడివి అవి. లోపల మైనపు పాదాలు పెట్టి, వాటిని మనిషి ఒంటి వేడికి తెచ్చింది.

ప్రయోగశాల పెద్ద డాక్టర్ ఫణిభూషణ్ బల్లని ఎడమకి వంచాడు. రెండు బూట్లూ ఒక్కసారి కుడివైపు ఒరిగి, మడమ తొక్కిపట్టి, మళ్లీ నెమ్మదిగా సర్దుకున్నాయి.

తలుపు దగ్గర ఆ వేటగాడి భార్య నిలబడి ఉంది. బూట్లు తీసుకెళ్లడానికి వచ్చింది. "అలాగే ఒరిగేవోడు," అంది. "చిన్నప్పుడు చెట్టు మీంచి పడ్డాడు." అక్కడే కూలబడింది.

"దీన్ని చెరపడం కుదరదా సార్?" అని అడిగింది ఝాన్సీ.

"చెరిపితే కండ చచ్చిపోతుంది. నడకా కండా వేరు కాదమ్మా." డాక్టర్ మళ్లీ బల్ల వంచాడు. ఆయన కళ్లు బూట్ల మీదే ఉన్నాయి. 

సాయంత్రం ఝాన్సీ ఇంటికి ఫోను చేసింది. "అన్నియ్య తొడుక్కుంటున్నాడా అమ్మా?"

"ఆడే తొడుగుతన్నాడే. ఆడు కాకపోతే ఇంకెవరు తొడుగుతారు?" అంది చిలకమ్మ.

* * *

మొదటి వారం రత్నం కాళ్లు నెత్తురోడాయి. మడమల మీద పొక్కులు చితికి మేజోళ్లు అంటుకుపోతే, వేన్నీళ్లలో నానబెట్టి ఊడదీసుకుంది. తర్వాత ఒక పొద్దున్న, కట్టెలకి వెళ్తూ జారుడు బండ దగ్గర అలవాటుగా చెట్టు కొమ్మ పట్టుకోబోయింది. పట్టుకోనక్కర్లేకపోయింది. బూట్లు ఆమెని పట్టుకున్నాయి. ఎవరో రెండు చేతులతో పాదాల్ని పొదివి పట్టుకుని బండ దాటించినట్టయింది.

ఆ రోజు ఆమె కట్టెలు కొట్టే చోట ఆగలేదు. ఇంకా పైకి, గాలికి మంచు కొట్టుకుపోయి రాయి బయటపడిన శిఖరం దాకా ఎక్కింది. పెళ్లయ్యాక అంత దూరం ఒంటరిగా ఎప్పుడూ రాలేదు. కాళ్లు వెచ్చగా ఉన్నాయి. లోయలో ప్రయోగశాల రేకుల కప్పు చిన్నగా మెరుస్తోంది. కాసేపు ఊరికే నిలబడి చూసింది.

ఇంటికి వచ్చేసరికి దేముళ్లు గుమ్మంలో ఉన్నాడు. జట్టు పెద్ద సోమన్న వాటాలు పంచేటప్పుడు అతనికి వెనక కాలి ముక్క ఇచ్చాడట. గౌరవం వాటా, ముందు జబ్బ, పండన్నకి పోయిందట. పండన్న సోమన్న తమ్ముడు, తుపాకీ మనిషి.

"ఒలే!" అన్నాడు.

ఆ పిలుపు ఎలా ఉంటుందో రత్నం ఒంటికి తెలుసు. గొంతులోంచి కాదు, కడుపు కిందనుంచి వస్తుంది. వెంటనే చెయ్యి వస్తుంది. రత్నం ఎప్పుడూ చేసేదే చేసింది. అరడుగు వెనక్కి వేసి, మోకాళ్లు వంచి, ఎడమకి తిరిగి మొహం గోడకి దాచుకుంది. మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది చెవి మీద. కట్టెల్లోంచి ఒకటి లాగి కొట్టాడు. మోచేతి దగ్గర ఎముక టక్కుమంది.

బూట్లు ఆమె పాదాల్ని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. నేర్చుకుంటున్నాయి.

ఆ నెలలో దేముళ్లు చాలాసార్లు అరిచాడు. కూరలో ఉప్పుకి, కుంపటి ఆరినందుకు, తలుపు గడియ వెయ్యనందుకు, వేసినందుకు. ఒకసారి ఆమె వంగి ముగ్గురాయి ఏరుకుంటుండగా వెనకనుంచి "ఒలే!" అన్నాడు. ఆమె ఇంకా తలెత్తలేదు. బూట్లే ఆమెని వెనక్కి లాగేశాయి. ఒళ్లంతా గిర్రున ఎడమకి తిరిగిపోయింది. దేముళ్లు పిడికిలి గాలిలోంచి వెళ్లి ద్వారబంధానికి తగిలింది. వేళ్ల కణుపులు చిట్లాయి.

ఆ రోజు దెబ్బలు ఎక్కువ తింది. కానీ రాత్రి పడుకున్నాక ఆమెకి ఏడుపు రాలేదు. తన తరఫున ఎవరో ఒకరు కదిలారు. పుట్టి బుద్ధెరిగాక అది మొదటిసారి.

మర్నాడు గంజి తుడుస్తుంటే పొర మెత్తగా లేదు. ఎండిన తోలులా గట్టిపడింది. కండ ముదిరిపోయింది. అప్పుడు భయమేసింది. ఇవి వేసుకుని ఆయన పందికి ఎదురు నిలబడాలి.

* * *

వేటకి వెళ్లే పొద్దున్న దేముళ్లు బూట్లు తొడిగి లేసులు బిగించాడు. పాదం వెన్నలో దిగినట్టు దిగింది. ఇంట్లో అటూ ఇటూ నడిచి మురిసిపోయాడు. "అబ్బ! ఏం కుదిరినాయే!"

రత్నం బల్లెం అందిస్తూ అక్కడే ఆగింది.

"మావా, అవి వేసుకోకు."

"ఏం?"

"నువ్వు అరిస్తే అవి వెనక్కి పోతాయి."

దేముళ్లు ఆమె వంక చూశాడు. ఒక్క క్షణం అతని మొహంలో ఏదో కదిలింది. అది అర్థమవడమే అయుంటుంది. కానీ అర్థమైందని ఒప్పుకుంటే ఇంకా చాలా ఒప్పుకోవాలి. బల్లెం పిడితో ఆమె పక్కటెముకల మీద పొడిచాడు.

"ఎల్లేటప్పుడు నోటంట అపశకునం మాటలేటే!" అంది చిలకమ్మ లోపల్నుంచి. "వెనక్కి పోవడమేటి, వెనక్కి? నీ నోరు పడ!"

* * *

ఎద్దుమూపు కొండ మీద ఒకచోట దారి మంచం వెడల్పున ఉంటుంది. ఒకవైపు రాతిగోడ, ఇంకోవైపు కింద గెడ్డవాగులోకి పడే జారుడు. పైనుంచి డప్పులు కొట్టి మందని తోలితే పందులు ఆ దారిలోకే రావాలి. దేముళ్లు దారికి అడ్డంగా బల్లెం పిడి కొస రాతిలో తన్నిపెట్టి నిలబడ్డాడు. అతని వెనక మోకాళ్ల మీద కూర్చుని పండన్న నాటు తుపాకీలో మందు కూరుతున్నాడు. ముందు మనిషి కదలడన్న నమ్మకం మీదే వెనక మనిషి తల వంచుకుని ఆ పని చేసుకోగలిగేది. ఈ కొండల్లో వేటంతా ఆ నమ్మకం మీదే నడుస్తుంది.

ముందు గుర్రు వినిపించింది. తర్వాత మంచు దుమ్ము లేచింది. దాన్ని చీల్చుకుని తల్లి పంది వచ్చింది. లేగదూడంత ఎత్తుంది. మూతి చుట్టూ గడ్డకట్టిన నురుగు.

"నిలబడరా!" అన్నాడు పైనుంచి సోమన్న.

పందిని దగ్గరికి రానిచ్చి గట్టిగా అరవాలి. బెదిరి తలెత్తుతుంది. గొంతు కింద మెత్తటి చోటు కనిపిస్తుంది. దేముళ్లు ఊపిరి బిగబట్టి, కడుపు కిందనుంచి అరిచాడు.

"ఒలే!"

పాదాలు వెనక్కి పోయాయి.

అతను వెయ్యలేదు ఆ అడుగు. చీలమండల్ని ఎవరో రెండు చేతులతో పట్టి లాగినట్టయింది. మోకాళ్లు వంగిపోయాయి, నడుము ఎడమకి తిరిగిపోయింది, మొహం రాతిగోడకి కొట్టుకుంది. బల్లెం మొన ఖాళీగాలిలోకి లేచింది.

పంది అతని పక్కనుంచి దూసుకెళ్లి పండన్న మీద పడింది. పండన్న తల ఎత్తనేలేదు. కోర పొత్తికడుపులో దిగి రొమ్ముదాకా చీల్చుకుపోయింది. లోపలున్నది మంచు మీద పడి పొగలు కక్కింది. చేతిలో మందుబరిణె అలాగే ఉంది.

దేముళ్లు లేచి తిరిగాడు. పంది కూడా తిరిగింది. భయంతో మళ్లీ అరిచాడు. బూట్లు మళ్లీ అతన్ని కూర్చోబెట్టి గోడ వైపు తిప్పేశాయి. వీపు పందికి అప్పగించేశాయి. అతను ఎంత అరిస్తే అవి అంత గట్టిగా ముడుచుకున్నాయి. కోర మోకాలి వెనక దిగింది. ఎముక విరిగిన చప్పుడు పైన డప్పుల వాళ్లకి కూడా వినిపించింది.

సోమన్న పైనుంచి జారుతూ వచ్చి పంది మెడ మీదకి దూకాడు. అది కదలడం మానేశాక కూడా పొడుస్తూనే ఉన్నాడు.

* * *

ఇద్దరినీ వాసాలకి కట్టి కిందికి తెచ్చారు. పండన్నని అతని ఇంటి ముందు, దేముళ్లని అతని గుమ్మంలో దించారు.

"అడుగు వెనక్కేశాడు," అన్నాడొకడు. "నేను సూశాను. రెండుసార్లు."

దేముళ్లు మొహం తెల్లగా పాలిపోయి ఉంది. చుట్టూ మనుషులు. వాళ్ల చేతుల్లో ఇంకా బల్లేలు. అతను చెయ్యెత్తి రత్నాన్ని చూపించాడు.

"నేనెయ్యలేదు! అదే సేయించింది. పొద్దున్న నాతో అంది, నువ్వు అరిస్తే అవి వెనక్కి పోతాయి అని. రోజూ వాటికి ఏదో రాసేది. నా యమ్మనడగండి."

అందరూ చిలకమ్మ వైపు తిరిగారు. ఆమె కొడుకు కాలు చూసింది. "అంది," అంది. "నేను యిన్నాను."

"చిల్లంగి," అన్నారెవరో వెనకనుంచి.

ఆ చేతబడి మాట పడితే ఈ కొండల్లో తర్వాత ఏమవుతుందో అందరికీ తెలుసు. మంత్రం పలకకుండా ముందు పళ్లు ఊడగొడతారు. ఆపైన మనిషి మిగిలితే మిగులుతుంది. ఇద్దరు రత్నాన్ని జుట్టు పట్టి అరుగు మీద పడేశారు. ఒకడు మోకాలితో గుండెల మీద తొక్కిపట్టాడు. ఇంకొకడు పొత్రం తెచ్చాడు. ఆమె ఏదో చెప్పబోయింది. తెరిచిన నోటి మీదే పొత్రం దిగింది. ముందు పళ్లు రెండు విరిగి గొంతులోకి పోయాయి. దగ్గితే నెత్తురూ అవీ కలిసి మంచు మీద పడ్డాయి.

"ఆగండ్రా!"

సోమన్న. మోచేతుల దాకా నెత్తురు. కొంత పందిది, కొంత తమ్ముడిది.

"ఆగడమేటి సోమన్నా? నీ తమ్ముడ్ని సంపింది!"

"నాకు తమ్ముడు. నీకు కాదు." పొత్రం పట్టుకున్నవాణ్ణి ఒక్క తోపు తోశాడు. "చిల్లంగయితే రేపూ ఉంటాది, ఎల్లుండీ ఉంటాది. ముందు ఆ బూట్లు ఏటి సేసినాయో నాకు తెలవాలి. వాటిని పుట్టించినోళ్లనే అడుగుదాం. దేముళ్లునీ మొయ్యండి, ఆ పిల్లనీ తీసుకురండి. బూట్ల తప్పు కాదని ఆల్లంటే అప్పుడు నా చేత్తో నేనే సంపుతాను."

* * *

ఝాన్సీ బూట్లలో మైనపు పాదాలు పెట్టి వంపు బల్ల మీద బిగించింది. వదిన గోడవార చాప మీద కూర్చుని ఉంది. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు ఎర్రగా తడిసిపోయింది. అన్న కాలికి కర్రలు కట్టి ఇంకో బల్ల మీద పడుకోబెట్టారు. చిలకమ్మ అతని తల దగ్గర నిలబడింది.

"మా బూటులో లోపం ఉండదు," అంటున్నాడు డాక్టర్ ఫణిభూషణ్. "చూడండి." బల్లని ఎడమకి, కుడికి వంచాడు. బూట్లు చక్కగా సర్దుకున్నాయి. చప్పట్లు కొట్టాడు. ఏమీ లేదు. ఇనప రేకు మీద సుత్తితో కొట్టాడు. ఏమీ లేదు. పంది గుర్రుమనే శబ్దం వినిపించాడు. ఏమీ లేదు.

"నేను అరుస్తాను," అన్నాడు సోమన్న. గది అదిరేట్టు అరిచాడు. బూట్లు కదల్లేదు.

"సూశారా? నేనన్నాను కదా, చిల్లంగని," అన్నాడు దేముళ్లు.

ఝాన్సీ అన్న దగ్గరికి వెళ్లింది. "కొండమీద ఏమని అరిచావు?"

"ఏదో అరిచాను. పందిని సూసి."

"అదే ఇప్పుడు అరువు."

"ఒలే," అన్నాడు మెల్లగా.

"అలాగేనా అరిచావు?" అన్నాడు సోమన్న. "నేను పైనుంచి యిన్నాను. సరిగ్గా అరువు. అరవకపోతే నీ రెండో కాలు కూడా నేను ఇరుస్తాను."

దేముళ్లుకి కోపం వచ్చింది. ఆ కోపంతోనే అరిచాడు. 

"ఒలే!"

బూట్లు పట్టీలు తెంచుకుని ఎగిరి అరడుగు వెనక్కి పడ్డాయి. చీలమండలు మడతపడ్డాయి. రెండు మునివేళ్లూ ఎడమకి, గోడ వైపుకి తిరిగాయి. అలాగే ఉండిపోయి సన్నగా వణుకుతున్నాయి.

అదే క్షణాన చాప మీద కూర్చున్న రత్నం కూడా ఎడమకి తిరిగి మొహం గోడకి దాచుకుంది. ఆమెకి తెలియకుండానే. 

గదిలో అందరూ బూట్ల వంక చూశారు. తర్వాత ఆమె వంక చూశారు.

"అద్భుతం!" అన్నాడు డాక్టర్. ఆయన బూట్ల దగ్గరికి వంగి, వణుకుతున్న పోగుల్ని చూస్తున్నాడు. "ఒక్క గొంతుకే, ఒక్క మాటకే! ఇంత లోతుగా ముదిరిందంటే ఎన్నిసార్లు జరిగి ఉండాలి! రోజుకి..."

"సార్," అంది ఝాన్సీ. "ఇంక ఆపండి."

ఆమె చాప దగ్గరికి వెళ్లి కూర్చుంది. వదినని ముట్టుకోబోయి, ఎక్కడ ముట్టుకోవాలో తెలియక చెయ్యి వెనక్కి తీసుకుంది.

సోమన్న బల్ల ముందుకి వచ్చి, గోడ వైపు తిరిగిన మునివేళ్లని చూశాడు. "చిల్లంగి లేదు," అన్నాడు చివరికి. "ఆ పిల్ల ముందే సెప్పింది. ఈడు యినలేదు." దేముళ్లు దగ్గరికి వెళ్లి మొహం మీద ఉమ్మేశాడు. "నువ్వు ఇంట్లో ఏసిన దెబ్బ కొండమీద నా తమ్ముడికి తగిలిందిరా."

బూట్లు ఏం చెయ్యాలని అడిగితే డాక్టర్ చేతులు కడుక్కుంటూ చెప్పాడు. "ఇంకెవరికీ పనికిరావు. ఆమెవే."

వెళ్లేముందు ఝాన్సీ రత్నం చెవిలో అంది, "ఇక్కడ నా గదిలో చోటుంది వొదినా. ఇప్పుడే ఉండిపో." రత్నం నోరు వాచిపోయి ఉంది. అన్నని మోసే వాసానికి ఒక చెయ్యి తక్కువైంది. ఊరి వాళ్లు ఎవరూ పట్టుకోలేదు. అలవాటు కొద్దీ రత్నం, బూట్లు చంకన పెట్టుకుని, వెళ్లి పట్టుకుంది.

* * *

ఇంట్లో దేముళ్లు మంచం వీధి తలుపు పక్కనే వేశారు. విరిగిన కాలితో అతన్ని లోపలి గదికి తిప్పడానికి సందు లేదు. పెరటి తలుపుకి మంచు నిలువెత్తున పేరుకుని గడ్డకట్టింది.

జావ కాచి ఇస్తే అతను గిన్నె ఆమె మొహం మీదకి విసిరాడు. "ఊరంతా నా మొహాన ఉమ్మేలా సేశావు. ఈ కాలు అతకనీ. నీ కాళ్లు రెండూ ఇరిచి మూల కూర్చోబెడతాను. బూట్లతో పనుండదు."

రత్నం జావ తుడుచుకుంది. అది వట్టి మాట కాదని ఆమెకి తెలుసు. కాలు అతికేదాకానే గడువు.

చిలకమ్మ వీధి గుమ్మానికి అడ్డంగా కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. కాళ్లకి ఆముదం రాసుకుంటోంది. ఎడమ చీలమండ దగ్గర ఒక పాత వంకర ఉంది. దాన్ని నిమురుతూ, ఎవరితోనో అన్నట్టు అంది, "ఆడి అయ్య చెప్పులకి నోరు లేదు. నయం."

రత్నం లోపలికి వెళ్లి బూట్లు తొడుక్కుంది. అవి వద్దనిపించింది. కానీ లోయదాకా మంచు. వట్టి కాళ్లతో దాటే దారి కాదు. దుప్పటి భుజాల మీద కప్పుకుని వీధి తలుపు వైపు నడిచింది.

"ఎక్కడికే?"

ఆమె నడుస్తూనే ఉంది.

"ఒలే!"

బూట్లు వెనక్కి లాగేశాయి. వెల్లకిలా కుంపటి మీద పడింది. మోచెయ్యి కాలింది. లేచింది. దేముళ్లు నవ్వాడు. ఇప్పుడు అతనికి తెలుసు, మంచం దిగక్కర్లేదు, చెయ్యెత్తక్కర్లేదు.

"ఒలే! ఒలే!"

మళ్లీ వెనక్కి. మళ్లీ గోడ. అవి ఆమెని కాపాడుతున్నాయి. ఆమె నేర్పింది అదొక్కటే. ఆ గొంతు వినిపిస్తే దూరం జరగడం. బయటికి దారేమో ఆ గొంతు పక్కనుంచే ఉంది.

రత్నం గోడకి రెండు చేతులూ ఆనించి నిలబడింది. ఊపిరి తీసుకుంది. కుడి కాలు ఎత్తింది. అతను అరిచాడు. బూటు వెనక్కి గుంజింది. ఆమె ముందుకి తోసింది. తొడ నరాలు ఉబ్బాయి. లోపల ఏదో తడి గుడ్డ చింపినట్టు చిరిగింది. వేడిగా వేళ్ల మధ్యకి కారింది. పాదం అరంగుళం ముందు దిగింది. ఎడమ కాలు. అతను ఇంకా గట్టిగా అరిచాడు. పోగులు ఒక్కొక్కటే తెగుతున్నాయి. ఆ నొప్పి తనదో వాటిదో ఆమెకి తెలియలేదు. లేసుల కన్నాల్లోంచి ఎర్రటి నీళ్లు కారి నేల మీద అడుగులు పడుతున్నాయి.

మంచం పక్కకి వచ్చేసరికి దేముళ్లు అరవడం మానేసి, చేతికర్ర ఎత్తి ఆమె మోకాలి కింద కొట్టాడు. ఎముక మోగింది. ఆమె ఒళ్లు ఎడమకి తిరగబోయి, ఆగింది. రెండోసారి ఎత్తిన కర్రని పట్టుకుని లాగేసి, కుంపట్లోకి విసిరేసింది.

బూట్లు ఇప్పుడు వట్టి తోలు. బరువుగా, వదులుగా ఉన్నాయి.

గుమ్మంలో చిలకమ్మ తలెత్తి కోడలి వైపు చూసింది.  తర్వాత అడ్డంగా చాపుకున్న కాళ్లు మెల్లగా ముడుచుకుంది.

రత్నం గడప దాటింది.